ఏటీ అవ్వలేదు గురూ!

విశాఖపట్నంలో అన్నిటికన్నా వేగంగా తీర్పు చెప్పే న్యాయస్థానం ఒకటుంది. దానికి భవనం లేదు, వేసవి సెలవులు లేవు, వాయిదాలు అసలే లేవు. బీచ్ రోడ్డు మలుపులో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మీదో, ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి చేపల వ్యాను కార్చుకుంటూ పోయిన నీళ్ల మీదో ఒక మోటారు సైకిలు ముందు చక్రం సర్రున జారితే చాలు, అక్కడికక్కడే ధర్మాసనం కొలువుదీరుతుంది. ప్రధాన న్యాయమూర్తి చేతిలో టీ గ్లాసు ఉంటుంది. రెండో ఆయన ఆటో దిగి వస్తాడు. మూడో ఆయన ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టుంటాడు. ఎవరూ వంగి చూడరు, బండి చుట్టూ తిరగరు. పది సెకన్లలో తీర్పు వచ్చేస్తుంది: "ఏటీ అవ్వలేదు గురూ, ఎల్లిపో."

ముద్దాయికి కావలసిందీ అదే. మోచెయ్యి గీరుకుపోయిన మంట కన్నా నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు ఎక్కువ కదా. ప్యాంటు దులుపుకుని, ట్యాంకు మీది గీతను ఉమ్మితో తుడిచి, పోకపోతే ఇంకోసారి తుడిచి, తల వంచుకుని బయల్దేరతాడు.

ధర్మాసనం వారు బండి లేపే పద్ధతి కూడా చూడముచ్చటగా ఉంటుంది. పాత బండయితే పడుకున్నా ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంటుంది. నూనె ఒక పక్కకి చేరిపోయి పంపు గాలి పీలుస్తున్నా ఆ పాపిష్టి తాళం తిప్పాలని ఎవరికీ తట్టదు. ఒకరు ఇండికేటరు పట్టుకుని లాగుతారు, ఒకరు వేడి సైలెన్సరు పట్టుకుని వదిలేస్తారు. కుడి పక్కకి పడితే ముందు సైడ్ స్టాండు వేసి, గేరులో పెట్టి లేపాలి. లేకపోతే నలుగురి ఉత్సాహానికీ బండి నిటారుగా నిలబడి, అదే ఊపులో ఎడమ పక్కకి పడుతుంది. ఎడమ పక్క మాత్రం ఏం పాపం చేసింది, దానికీ గీతలు పడొద్దూ.

తరవాత స్టార్టు కాదు. కొత్త ఇంజెక్షను బళ్లలో చాలావాటికి ఒరుగుడు పసిగట్టే సెన్సారు ఉంటుంది. బండి పడగానే అది ఇంజను ఆపేస్తుంది. తాళం ఒకసారి ఆపి మళ్లీ తిప్పితే సరిపోయేదానికి, బ్యాటరీ చచ్చేదాకా సెల్ఫు నొక్కుతారు. పాత కార్బొరేటరు బండయితే పెట్రోలు పొంగి ప్లగ్గు తడుస్తుంది. చోకు లాగకుండా నాలుగు నిమిషాలు ఆగి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి కిక్కు కొట్టాలి. మనవాళ్లు చోకే ముందు లాగుతారు.

ఇక అసలు ఘట్టం. హ్యాండిలు ఒక పక్కకి, చక్రం ఒక పక్కకి చూస్తుంటాయి. అప్పుడు జనంలోంచి ఒక మహావైద్యుడు వెలుస్తాడు. లుంగీ ఎగ్గడతాడు. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుంటాడు. హ్యాండిలు రెండు కొమ్ములూ పట్టి, గేదెకు మందు పట్టించేవాడిలా ఒక్క కుదుపు కుదుపుతాడు. ఒక కన్ను మూసి చూస్తాడు. ఇంకో కుదుపు. జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఈసారి రెండో కన్ను మూసి చూస్తాడు. "సెట్టయిపోనాది" అంటాడు. చప్పట్లు కొట్టకపోవడం ఒక్కటే తక్కువ.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఆ వైద్యంలో నిజం కొంత ఉంది. చిన్న దెబ్బకు ఫోర్కు గొట్టాలు, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే గొట్టాలు, వంగకపోయినా, వాటిని పట్టి ఉంచే క్లాంపులలో కొద్దిగా మెలి తిరుగుతాయి. ఆ మెలిక విప్పాలంటే బండిని మెయిన్ స్టాండు మీద పెట్టి, ఇరుసు నట్టూ, మడ్‌గార్డు బోల్టులూ, కింది క్లాంపు బోల్టులూ వదులు చేసి, అప్పుడు తిప్పి, ముందు భాగాన్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదిలి, కంపెనీ చెప్పిన బిగువుకు మళ్లీ బిగించాలి. ఒక్క బోల్టు కూడా ముట్టకుండా కుదిపితే మెలిక కాసేపు దాక్కుంటుంది, అంతే. గొట్టమే వంగితే మోకాళ్లు కాదు, ఏనుగును తెచ్చినా లాభం లేదు. గొట్టం విప్పి చదునైన గాజు పలక మీద దొర్లిస్తే వంకర ఇట్టే తెలుస్తుంది. సింహాచలం అప్పన్న చందనం ఒలిపించుకుని నిజరూపం చూపించేది ఏడాదికి ఒక్కరోజు. వంగిన ఫోర్కుకు అంత ఓపిక ఉండదు, మొదటి గట్టి బ్రేకుకే చూపించేస్తుంది.

పది నిమిషాలు ఖర్చుపెట్టగల ధనవంతులు ఎవరైనా ఉంటే వారి కోసం. ఎడమ పక్కకి పడితే క్లచ్ లివరు, గేరు పెడలు చూడండి. పెడలు లోపలికి వంగి ఇంజను కవరుకు తగులుతుంటే గేరు సగమే పడుతుంది. కుడి పక్కకయితే బ్రేకు పెడలు. అది వంగి క్రాష్ గార్డుకు ఆనుకుంటే వెనక బ్రేకు పట్టే ఉంటుంది, వెనక ఎర్ర లైటు ఆరదు, డ్రమ్ము కాలిపోతుంది. గీత పడిన ఇంజను కవరును గుడ్డతో తుడిచి, ఐదు నిమిషాలయ్యాక మళ్లీ చూడండి. 100 సీసీ బండిలో ఉండే నూనె మొత్తం లీటరు అటూ ఇటూ. చుక్కచుక్కగా కారితే రేపటికల్లా అరలీటరే మిగలొచ్చు. హ్యాండిలు ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి, ప్రతి కొసలోనూ యాక్సిలరేటరు తిప్పి వదలండి. టప్పుమని వెనక్కి రావాలి. హ్యాండిలు కొసన ఉండే బరువు బిళ్ల వంగి గ్రిప్పును రాసుకుంటే రాదు. హ్యాండిలు తిప్పినప్పుడు ఇంజను హోరు పెరిగితే కేబులు ఎక్కడో లాక్కుంటోందని అర్థం. మిగతావి, అద్దాలూ ఇండికేటర్లూ, ఎలాగూ అందరూ చూసేవే. ఖరీదు తక్కువ వాటి మీద మన శ్రద్ధ ఎప్పుడూ ఎక్కువే.

ఇప్పుడు ముందు బ్రేకు లివరు. పోత పోసిన అల్యూమినియం అది. వంగిన లివరు చూడగానే మన మెకానిక్కు చెయ్యి దురద పెడుతుంది. ఒక ఇనప గొట్టం తెచ్చి, లివరుకు తొడిగి, మెల్లగా వెనక్కి వంచుతాడు. నిటారుగా వచ్చేస్తుంది, ముచ్చటగా ఉంటుంది. లోపల పగులు పుట్టి ఉంటుంది, కంటికి కనపడదు. దాన్ని ఇంజనీరింగ్ చదివే పిల్లకో, ఉదయాన్నే పాలు పోసే కుర్రాడికో ఇచ్చి, యాభై పుచ్చుకుని "ఏటీ అవ్వదు" అని పంపేస్తారు. ఏమవ్వదయ్యా? ఆ పిల్ల సింహాచలం ఘాట్ దిగుతూ బస్సు అడ్డం వచ్చి నాలుగు వేళ్లూ బిగించిన క్షణంలోనే ఆ లివరు విరుగుతుంది. మెల్లగా నొక్కినప్పుడు విరగదు, ప్రాణం కోసం నొక్కినప్పుడే విరుగుతుంది. కొత్త లివరు ఖరీదు ఆర్కే బీచ్‌లో ఒక కుటుంబం మురీ మిక్చరు తిన్నంత. ఆ డబ్బు మిగిల్చి ఎవరిని ఉద్ధరించారు? సిగ్గుండాలి. కొస విరిగి రెండు వేళ్లకు సరిపడా మిగిలిన లివరు నయం. అది విరిగానని మొహాన చెబుతుంది, మెల్లగా ఇంటికి చేరుస్తుంది. వంచి నిలబెట్టిన లివరు అబద్ధమాడుతుంది. డిస్కు బ్రేకయితే లివరు గట్టిగా పట్టుకుని ముప్పై లెక్కపెట్టండి. నిలబడాలి. మెల్లమెల్లగా హ్యాండిలు వైపు దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, ఆ బండి ఎక్కకండి, తోసుకుపోండి. ఎవరు నవ్వినా సరే.

(తెలిసినవాళ్లు లివరు క్లాంపును మరీ బిర్రుగా బిగించరు. పడినప్పుడు విరిగే బదులు హ్యాండిలు మీద గుండ్రంగా తిరిగిపోతుంది. ఈ సంగతి ధర్మాసనం వారికి చెప్పకండి, "లూజుగా ఉంది" అని బిగించేస్తారు.)

నేలకు కొట్టుకున్న హెల్మెట్టు మీద కూడా తీర్పు అదే. లోపలి థర్మోకోలు పొర ఒక్కసారి నలిగితే మళ్లీ పొంగదు, రెండో దెబ్బకు మిగిలేది పై పెంకు మాత్రమే. దాన్నీ చొక్కాతో తుడిచి నెత్తిన పెట్టేస్తారు.

కేసు కొట్టేశారు. టీ చల్లారిపోయింది. ఇసుక ఎక్కడిదక్కడే ఉంది, ఊడ్చే అధికారం ఆ కోర్టుకు లేదు కాబోలు. మన ముద్దాయి తెన్నేటి పార్కు దాటేసరికి ఊరు ఊరంతా ఆయన వెనక పడుతుంది. స్కూటీ మీద అమ్మాయి, ఆటో అన్న, ఎదురుగా వచ్చే బస్సు కండక్టరు, అందరూ చేతులూపుతూ ఒకటే అరుపు: "స్టాండు! స్టాండు!" ఆయన మడమతో స్టాండును వెనక్కి తన్నుతాడు. అది మళ్లీ దిగుతుంది. ఇంకోసారి తన్నుతాడు. పడినప్పుడే దాని స్ప్రింగు ఊడిపోయి ఇసుకలో కలిసిపోయింది. ఎడమ మలుపు వస్తోంది.