సవరణ: చవక బేరాల సైటు గురించి

చవక బేరాలు వెతికిపెట్టే సైటు నెల్లూరులో గిట్టుబాటు కాదని మొన్న రాసిన దానికి చిన్న సవరణ. ఆ మాట ఫోన్లు, టీవీల ఆన్‌లైన్ ధరలు పోల్చి చూపే సైట్లకే. అక్కడ రాబడి ప్రధానంగా కమీషనే. మన లింకు నొక్కినవాళ్లు కొంటేనే వస్తుంది, సరుకు తిప్పి పంపితే అదీ పోతుంది. అమెజాన్ అంతటిది 2012లో మన దేశంలో జంగ్లీ అని ధరల పోలిక సైటు పెట్టి, 2017లో మూసేసింది.

నెల్లూరులోని చిన్నబజారు, స్టోన్‌హౌస్‌పేట కొట్ల సంగతి వేరు. మిక్సీ అడిగి చూడండి: డబ్బా మీద ఎమ్మార్పీ ఒకటి, కొట్టాయన నోటితో చెప్పేది ఒకటి, "ఆన్‌లైన్లో ఇంతకే ఉందన్నా" అని ఫోన్ చూపిస్తే తగ్గేది ఇంకొకటి. ఈ మూడో ధర ఏ సైటులోనూ దొరకదు. దాన్ని పట్టాలంటే మనిషి తిరగాలి. ఆ మనిషి జీతం, పెట్రోలు ఎవరిస్తారు? కొట్లవాళ్లే ఇవ్వాలి. వాళ్ల డబ్బు తీసుకున్నాక వాళ్ల ధరలే పైన పెట్టకుండా ఉండగలమా అన్నదొక్కటే నాకు అనుమానం.

ఇలాంటి సైటు పెట్టొచ్చా అని ఒంగోలు నుంచి అడిగిన తమ్ముడికి: సైటు కట్టించకు. ఒక వాట్సాప్ గ్రూపు, ఒకే రకం సరుకు పెట్టుకుని మొదలుపెట్టు. కొట్టాయన జేబులోంచి తీస్తాడో లేదో నెలలో తేలిపోతుంది.