వెండి చారలకు నైట్ షిఫ్టే కారణం

మా విశాఖ ఆటోనగర్ షెడ్డులో ప్లాస్టిక్ కరిగించి, డై అనే అచ్చులోకి నెట్టి ముక్కలు పోస్తాం. ముక్క పాడైతే కారణం కనిపెట్టడానికి అట్టే టైమ్ పట్టదు. డే షిఫ్ట్‌లో పాడైతే, నైట్ షిఫ్ట్ వాళ్లు సెట్టింగులు మార్చేసి పోయారు. నైట్ షిఫ్ట్‌లో పాడైతే, డే షిఫ్ట్ వాళ్లు సరిగ్గా అప్పజెప్పలేదు. రెంట్లోనూ పాడైతే డై చేసినవాడిది తప్పు. ఆదివారం మిషన్ ఆపిన రోజున ఒక్క ముక్కా పాడవలేదు కాబట్టి తప్పంతా మనుషులదేనని రుజువైపోయింది.

మొన్న మిక్సీ బాడీలు పోస్తుంటే ఒక మూల నిండలేదు. షార్ట్ అంటాం. మా సూపర్‌వైజరు ప్రెషర్ పెంచాడు. మూల అలాగే ఉంది గానీ, డై రెండు సగాలూ కలిసేచోట పల్చటి రెక్కలు మొలిచాయి. వాటిని ఫ్లాష్ అంటాం. ఆ ఫ్లాష్ అణచాలని క్లాంపింగ్, అంటే డై సగాల్ని నొక్కిపట్టే బిగింపు, పెంచాడు. లోపలి గాలి పోవడానికి డైలో వెంట్లని దారులుంటాయి, వెంట్రుక మందం కూడా ఉండవు. అసలే వాటి నిండా జిడ్డు, పైన ఈ బిగింపు. చిక్కుకున్న గాలి డీజిల్ ఇంజిన్‌లోలా నలిగి, వేడెక్కి, నిండని ఆ మూలనే మాడ్చింది. పొద్దున ఒక్క రోగంతో ఉన్న ముక్కకి మధ్యాహ్నం భోజనాల వేళకి మూడు రోగాలు. "కదలిక వచ్చింది సార్" అన్నాడాయన.

జిడ్డెక్కడిదంటారా? ముక్క డైకి అంటుకుంటే మేం ఎందుకని అడగం, సిలికాన్ స్ప్రే కొడతాం. సింహాచలం అప్పన్న ఏడాదంతా చందనంలో ఉండి అక్షయ తృతీయ నాడు నిజరూపంతో కనిపిస్తాడు. మా డై కూడా పూతల్లోనే ఉంటుంది. దాని నిజరూప దర్శనానికి మాత్రం ఇంకా ముహూర్తం కుదర్లేదు.

ఇక వెండి చారలు. డైలోకి ప్లాస్టిక్ దూరే గేటు దగ్గర మొదలై, నత్త పాకిన జాడలా మెరుస్తూ ముక్కంతా పరుచుకుంటాయి. మేం కరిగించే ప్లాస్టిక్ గింజల్ని దానా అంటాం. ఏబీఎస్ అనే రకం దానా గాల్లో తేమ తాగుతుంది. దాన్ని 80 డిగ్రీల్లో 2 నుంచి 4 గంటలు ఆరబెట్టకపోతే ఆ తేమ, ప్లాస్టిక్ కరిగే బారెల్లో ఆవిరై చారలు గీస్తుంది. ఏబీఎస్‌కి పోయేది అందమే. పాలికార్బొనేట్ అనే ఇంకో రకం 120 డిగ్రీలు అడుగుతుంది, తడిగా పోస్తే పెళుసైపోయి చేతిలోనే విరుగుతుంది. పీపీ (పాలిప్రొపిలీన్) రకానికి ఈ బెడద లేదు, అది నీళ్లు తాగదు. అందుకని మేం అన్ని దానాలనీ పీపీగానే గౌరవిస్తాం.

తేమ గురించి విశాఖవాళ్లకి ఎవరో చెప్పాలా? ఇంట్లో ఉప్పు డబ్బాలో బియ్యం గింజలు వేస్తాం. జంతికలు చల్లారడమే తరువాయి, డబ్బాలో పెట్టి మూత బిగించేస్తాం. అవే చేతులు షెడ్డుకొచ్చి 25 కిలోల సంచి మూతి కోసి, సముద్రపు గాలి ఒంటికి మంచిదన్నట్టు వారం రోజులు తెరిచి ఉంచుతాయి.

చారలు పోవడానికి సూపర్‌వైజరు తొమ్మిది సెట్టింగులు ఒక్కసారే మార్చాడు. ఒక మంచి ముక్క పడింది. తొమ్మిదిట్లో ఏది పనిచేసిందో తెలియదు కనుక పుణ్యం మిషన్‌కి కట్టిన నిమ్మకాయకు దక్కింది. ఒక్కొక్కటే మార్చి, పదేసి ముక్కలు పోసి చూడొచ్చు కదా అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు.

సరే, అసలు డ్రయ్యర్ పాడైందేమోనని వెళ్లాను. నిక్షేపంగా నడుస్తోంది. మీటరు సరిగ్గా 80 చూపిస్తోంది. తలుపు తీశాను. పై ట్రేలో రెండు చొక్కాలు, కింది ట్రేలో ఒక జత సాక్సులు. బయట పొద్దుట్నుంచీ ముసురు.

"ముట్టుకోండి బాబూ" అన్నాడు హెల్పరు, వెనకనుంచి గర్వంగా. "తడి సుక్క నేదు."