బోర్డుకు అతుక్కుపోయిన ఎనిమిది జీబీ ర్యామ్ గారికి

నా ల్యాప్‌టాప్‌లో కొలువై, నడిచే పనులన్నిటికీ చోటిచ్చే ర్యామ్ గారూ,

నమస్కారాలు. మీరు తక్కువవారని నేననను. 2001లో విండోస్ ఎక్స్‌పీ 64 ఎంబీ ఉంటే చాలు, ఎలాగో లాగించేస్తానంది. ఆ లెక్కన మీరొక్కరే 128 ఎక్స్‌పీల పెట్టు. మరి పొద్దున్నే ఇంకా ఒక్క ఫైలూ ముట్టుకోకముందే టాస్క్ మేనేజర్‌లో సగం నిండిపోయి కనిపిస్తారేం? పైగా గ్రాఫిక్స్ వాటా ముందే పక్కన పెట్టేశారు కాబట్టి, డబ్బా మీద ఎనిమిదైనా చేతికొచ్చేది ఏడు చిల్లరేనాయె.

తప్పంతా మీది కాదు లెండి. స్లాక్, డిస్కార్డ్ లాంటివి పైకి చాట్ యాప్‌లే. లోపల మాత్రం ఒక్కోటీ ఒక క్రోమియం బ్రౌజర్‌ను వెంటేసుకుని, భోజనానికి పిలిస్తే గ్యాస్ బండతో సహా దిగిన చుట్టంలా వచ్చి కూర్చుంటుంది. ఇవి కాక అసలు బ్రౌజర్ ఎలాగూ ఉంది. అందులో 'తర్వాత చదువుదాం' అని నేను వదిలేసిన ట్యాబులు. (చదవను. మీకూ తెలుసు.) చోటు చాలక మీరు ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ దగ్గర చేబదులుకు వెళ్తారు. అది మీకంటే బాగా నెమ్మది. ఇక మీటింగ్‌లో నా మొహం నోరు తెరిచినట్టే ఆగిపోతుంది.

కొన్నప్పుడు షాపతను "ఎనిమిది చాలు సార్, కావాలంటే తర్వాత వేయించుకోవచ్చు" అన్నాడు. మొన్న రిపేరతను వెనక మూత విప్పి, "స్లాటే లేదు సార్, బోర్డుకే సోల్డర్ చేసేశారు" అని మళ్లీ బిగించేశాడు.

2023లో యాపిల్ వాళ్లు తమ ఎనిమిది, బయటివాళ్ల పదహారుతో సమానమన్నారు. ఏడాది తిరక్కుండానే, 2024 అక్టోబరులో, మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ధర పెంచకుండా పదహారు పెట్టారు. అంతకుముందు చెప్పిన ఆ సమానత్వం ఏమైందో మరి!

ఉత్తరాలు రాసుకుని, సినిమాలు చూసుకునేవాళ్లకు మీరు ఇప్పటికీ చాలు. కొత్తగా కొనేవాళ్లెవరైనా అడిగితే మాత్రం పదహారే చెబుతున్నాను. ముప్ఫై రెండు వీడియో ఎడిటింగ్ వాళ్లకీ, వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్) నడిపేవాళ్లకీ. మిగతావాళ్లు కొంటే అది ముచ్చటే. అసలే ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎత్తుకుపోయి 2025 చివరినుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి.

మీ కంపెనీవారికి నా మాటగా ఒక్క మనవి చేయండి. కీబోర్డు పక్కన ప్రాసెసర్‌కో స్టిక్కరు, గ్రాఫిక్స్‌కో స్టిక్కరు అంటిస్తున్నారుగా. 'ఇందులో ర్యామ్ పెరగదు' అని ఇంకొకటి అంటించమనండి. కొనేముందే చదువుకుంటాం.

ఇట్లు,
ట్యాబులు మూయలేని మీ యజమాని