కీబోర్డు ఈజీ అని చెప్పిందెవరు?

ఆఫీసు ఫంక్షన్‌లో ఒక్కసారి వేణువు ఊదిన పాపానికి ఈ ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తున్నాయి. మొన్న టీ దగ్గర మా టీమ్‌లో కుర్రాడు అడిగాడు, "అన్నా, మావాడికి ఏడేళ్లొచ్చాయి, ఏదైనా మ్యూజిక్ నేర్పిద్దామనుకుంటున్నాం, కీబోర్డయితే ఈజీ అంట కదా?" అని. ఎవరడిగినా ఇంతే, ప్రశ్నలోనే జవాబు పెట్టుకుని వస్తారు. కీబోర్డు, కాదంటే గిటార్. పక్క ఫ్లాట్ వాళ్లమ్మాయి ఏది నేర్చుకుంటుంటే అది.

మా ఇంటి అటక ఎక్కి చూస్తే తెలుస్తుంది ఈజీ సంగతి. 61 కీల కీబోర్డు పాత చీరలో చుట్టి ఉంది, దాని పక్కన తీగ తెగిన గిటారు. పిల్లలవి కావండోయ్, రెండూ నావే. ముప్పై ఏళ్లప్పుడు గిటారు, ముప్పై నాలుగప్పుడు కీబోర్డు. గిటారు ఎందుకు వదిలేశానని అడిగితే చాలా రోజులు వేళ్ల నొప్పి అనే చెప్పాను. అబద్ధం. ఇనప తీగలకి వేళ్ల చివర్లు కాయలు కాసేదాకా రెండు మూడు వారాలు నొప్పి ఉంటుంది, తర్వాత ఉండదు. అసలు సంగతేంటంటే మాస్టారు నాకు కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించడం) నేర్పుతున్నారు, నేనేమో జీవితంలో ఎప్పుడూ కార్డ్ కూనిరాగం తీసిన వాణ్ని కాదు. నేను పాడను. పాడేవాడికి గిటారు బంగారం, నాలుగు కార్డ్స్ వస్తే చాలు స్నేహితుల మధ్య కూర్చుని పది పాటలు లాగించేస్తాడు. పాడనివాడు ఆ నాలుగు కార్డ్స్ వాయిస్తుంటే పెళ్లికొడుకు లేని ఊరేగింపులా ఉంటుంది.

ఇక కీబోర్డు. నొక్కితే స్వరం పలుకుతుంది, నిజమే, మొదటి వారం భలే సంబరం. శ్రుతి చేసుకునే బాధ లేదు, ఊపిరి అక్కర్లేదు, కమాను అక్కర్లేదు. కానీ మన చెవులకి అలవాటైన సంగీతంలో స్వరం ఒకచోట కుదురుగా కూర్చోదు. తోడి రాగంలో గాంధారం వినండి, అది నిలబడే స్వరం కాదు, ఊగే స్వరం. ఆ ఊపునే గమకం అంటారు. కీబోర్డు మీద ఒక కీకీ పక్క కీకీ మధ్య ఏమీ లేదు, ఇక్కణ్నుంచి అక్కడికి దూకడమే. స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ చక్రం తిప్పుతూ గమకాలు పలికించి కచేరీలు చేసేవాళ్లున్నారు, వాళ్లకి దండం. కానీ అది ఈజీనా? రెండో నెలలో మనకిష్టమైన పాట వాయించబోతే స్వరాలన్నీ కరెక్టుగానే ఉంటాయి, పాట మాత్రం ఉండదు. అప్పుడు తప్పు మనదేమో, మనకి సంగీతజ్ఞానం లేదేమో అనుకుని అటకెక్కించేస్తాం.

ఇదేం కొత్త గొడవ కాదు. హార్మోనియం మీద గమకం పలకదని, దాని స్వరస్థానాలు మన సంగీతానికి పొసగవని ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది, కొంతైనా సడలించడానికి 1971 దాకా పట్టింది. సరిగ్గా ఆ హార్మోనియాన్నే మా నాన్న తెనాలి పక్క ఊళ్లలో పద్యనాటకాలకి వాయించేవారు. పద్యం చివర నటుడు రాగం తీస్తుంటే నాన్న వెనకాలే వెళ్లేవారు, జనం వన్స్ మోర్ అని అరిచేవారు. మరి అక్కడెలా పనికొచ్చింది? గమకం గొంతు చూసుకుంటుంది, హార్మోనియం దాన్ని పట్టుకుని నడుస్తుంది. కాబట్టి కీబోర్డు చెడ్డదని నేననడం లేదు. మీవాడు పాడతాడా? అయితే కొనండి, నిక్షేపంగా కొనండి.

పాట వినగానే ఒళ్లు ఏం చేస్తుందో చూడాలి, నాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. గొంతెత్తేవాళ్లు, లోపల్లోపల కూనిరాగం తీసేవాళ్లు, బల్ల మీద దరువేసేవాళ్లు. నేను రెండో రకం, అది తెలుసుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది. నాన్న చనిపోయాక ఓ రోజు బండి మీద వెళుతూ ఆ పద్యాల చివరి రాగాలు తీస్తున్నానని గమనించుకున్నాను. మాటల్లేవు, ఉత్త రాగమే. అలా వేణువు పట్టుకున్నాను. వేణువు ఈజీ అనుకోకండి, మొదటి పది రోజులు గాలి తప్ప ఏమీ రాలేదు, కళ్లు తిరిగాయి. తిరునాళ్లలో కొన్న పిల్లనగ్రోవి శ్రుతిలో ఉండదని తర్వాత తెలిసింది. ఊదే రంధ్రం కాక ఎనిమిది ఉండే కర్ణాటక వేణువు వేరు, సాధారణంగా ఆరుండే హిందుస్తానీ బాన్సురి వేరు. మాస్టారిని అడక్కుండా కొంటే నాలా రెండుసార్లు కొనాలి.

వయొలిన్ సంగతి కూడా చెప్పాలి. వేలు ఎక్కడ పెట్టాలో చూపించే మెట్లు ఉండవు గనక ఏ గమకమైనా పలుకుతుంది, మెట్లు ఉండవు గనకే స్వరం ఎక్కడుందో నెలల తరబడి వెతుక్కోవాలి. ఆ కిర్రుమనే నెలలు ఇంట్లోవాళ్లు భరిస్తారా అన్నదే అసలు ప్రశ్న. ఒకటి మాత్రం మేలు, పిల్లలకి సైజులు దొరుకుతాయి. వీణకి ఆ సౌకర్యం తక్కువ. బొబ్బిలిలో పనస దుంగని తొలిచి చేసే వీణ ఎంత అందంగా ఉన్నా ఏడేళ్ల పిల్ల చెయ్యి ఆ 24 మెట్ల పొడవునా పోవాలి కదా. అపార్ట్‌మెంట్‌లో మాత్రం దానంత మర్యాదస్తురాలు ఇంకోటి లేదు, గోడ దాటి వినపడదు. మృదంగం అలా కాదు, పైగా దాని ఎడమవైపు మూతకి బొంబాయిరవ్వ ముద్ద పెట్టాలి. ఉప్మా డబ్బా జాగ్రత్త.

గురువు దొరకడేమో అని ఇంకో టెన్షన్. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చిన్నప్పుడు వాళ్ల నాన్న మాండలిన్ తీసుకుని తనంతట తనే మొదలుపెట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు, ఆయన పాడేవారు, పిల్లాడు అది తీగల మీద పలికించేవాడు. అందరి పిల్లలూ శ్రీనివాస్‌లైపోతారని కాదు నేననేది, కానీ అక్కడ వాయిద్యాన్ని ఎంచుకున్నది ఆ పిల్లాడు. మన ఇళ్లలో ముందు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేసి, తర్వాత పిల్లాణ్ని పిలుస్తాం.

ఇదంతా మా కుర్రాడికి టీ చల్లారిపోయేదాకా చెప్పాను. వాళ్లబ్బాయిని ఒకసారి ఫ్యామిలీ డేలో చూశాను, స్టీలు ప్లేటు, బల్ల, పక్కవాడి వీపు, ఏది దొరికితే దాని మీద దరువేస్తూనే ఉన్నాడు. ఆ మాటా చెప్పాను. ముందు వాణ్ని ఓ మృదంగం క్లాసులోనో తబలా క్లాసులోనో గంట కూర్చోబెట్టు, ఏమీ కొనకు అన్నాను. శ్రద్ధగా విన్నాడు, తలూపాడు.

రాత్రి పదింటికి మెసేజ్ వచ్చింది. "అన్నా, థాంక్స్, చాలా క్లారిటీ వచ్చింది. 49 కీలది తీసుకోనా, 61 కీలదా?"