వికలాంగుల చట్టం ప్రైవేటు ఉద్యోగులకు వర్తించదా?

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: "వికలాంగుల చట్టం ప్రభుత్వ ఉద్యోగులకే. అదీ 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటేనే. ప్రైవేటులో ప్రత్యేక సౌకర్యాలు అడిగితే ఉద్యోగం పోతుంది, ఎవరూ ఏమీ చేయలేరు." దీన్ని నమ్మి అడగాల్సినవాళ్ళు అడగడం మానేస్తారేమోనని నా భయం.

'ప్రభుత్వ ఉద్యోగులకే' అన్న మాట ముందు చూద్దాం. 4 శాతం రిజర్వేషన్ ప్రభుత్వ సంస్థలకే, నిజం. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీసెయ్యకూడదనే 20వ సెక్షన్ కూడా ప్రభుత్వ సంస్థల గురించే చెబుతుంది. ఇది అన్యాయమనీ, సవరించాలనీ నా అభిప్రాయం. కానీ రిజర్వేషన్ వేరు, వివక్ష వేరు. 2016 నాటి ఈ వికలాంగుల చట్టంలో 'సంస్థ' అంటే ప్రైవేటు కంపెనీ, ఫ్యాక్టరీ కూడా. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 21వ సెక్షన్ అంటోంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అందులో ఏ సౌకర్యాలిస్తుందో, ఏ పోస్టులు అనువైనవో కూడా రాయాలి. మీ ఆఫీసులో ఆ కాగితం ఎక్కడుందో హెచ్‌ఆర్‌ను అడగండి.

40 శాతం నిబంధన రిజర్వేషన్ లాంటి వాటికే. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే ఒక సివిల్స్ అభ్యర్థికి స్క్రైబ్‌ను (చెబితే పరీక్ష రాసిపెట్టే సహాయకుణ్ణి) నిరాకరిస్తే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 40 శాతం లేదన్న కారణంతో కాదనకూడదని చెప్పింది.

ఇక 'ప్రత్యేక సౌకర్యాలు' అన్న మాట నన్ను చాలా బాధపెట్టింది. చూపు లేని ఉద్యోగికి స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్), వీల్‌చైర్‌లో వచ్చే ఆమెకు కింది అంతస్తులో సీటు, తలసీమియా ఉన్నవారికి రక్తం ఎక్కించుకునే రోజున షిఫ్ట్ మార్పు. ఇవేవీ బహుమతులు కావు, పని చేయడానికి కావలసినవి. చట్టం వీటిని సహేతుకమైన సర్దుబాట్లు అంటుంది. సంస్థ మీద మోయలేని భారం పడకపోయినా ఇవ్వకపోతే అదే వివక్ష అని 2వ సెక్షన్ నిర్వచనంలోనే ఉంది.

ఎవరూ ఏమీ చేయలేరన్నదీ తప్పే. నోటిమాటగా కాకుండా మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. కాదంటే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కమిషనర్ సిఫార్సు మాత్రమే చేయగలరు గానీ, సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు వారికున్నాయి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా పడుతుంది.