23వ నిమిషం విలువెంత?

మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దావిడ చేత కాలు వంచించి, చాపించి, నాలుగు మెట్లు ఎక్కించేసరికి ఫిజికల్ థెరపిస్టుకు 22 నిమిషాలు పట్టిందనుకుందాం. అమెరికాలో వయోవృద్ధులకు ప్రభుత్వం కల్పించే ఆరోగ్య బీమా మెడికేర్ లెక్క ప్రకారం అది ఒక్క యూనిట్ పనే. ఇంకొక్క నిమిషం గడిస్తే మాత్రం రెండు యూనిట్లు. యూనిట్‌ అంటే ఫీజు కట్టడానికి వాడే 15 నిమిషాల కొలత. మొదటిదానికి కనీసం 8, రెండోదానికి మొత్తం 23, మూడోదానికి మొత్తం 38 నిమిషాలు చికిత్సలో గడవాలి. మెట్టు మీద ఆవిడ తడబడింది కండరంలో బలం లేకనా, పడిపోతానన్న భయంతోనా అని పోల్చుకోవడంలోనే థెరపిస్టు చదివిన చదువంతా ఉంది. గడియారానికి ఆ తేడా పట్టదు. ఆవిడ వెళ్లాక కూర్చుని నోట్స్ రాసే సమయమైతే అసలు లెక్కలోకే రాదు.

అలా లెక్కకొచ్చిన యూనిట్లకైనా పూర్తి డబ్బు రాదు. ఒకే రోజు ఒకటికి మించి యూనిట్లు చేస్తే, ఒకదాన్ని మినహాయించి మిగతావాటిలో క్లినిక్ నిర్వహణ ఖర్చు కింద ఇచ్చే భాగాన్ని 2013 నుంచి సగానికి కోస్తున్నారు. మొత్తం ఫీజుల పట్టికకు ఆధారమైన గుణకం 2020లో 36.09 డాలర్లుండగా 2025లో 32.35కి దిగింది. ఒక సేవకు ఫీజు పెంచితే ఆ మేరకు మిగతావాటిలో తగ్గించాలన్నది చట్టం పెట్టిన షరతు. 2021లో డాక్టర్ల కన్సల్టేషన్‌ ఫీజులు పెంచినప్పుడు ఆ భారం థెరపీ మీదా పడింది.

ఈ షరతు నీడ థెరపిస్టుల వృత్తి సంఘాల పోరాటాల మీద కూడా కనిపిస్తుంది. 1997 నాటి చట్టం ఫిజికల్ థెరపీకి, స్పీచ్ థెరపీకి కలిపి రోగికి ఏడాదికి 1,500 డాలర్ల పరిమితి పెట్టింది. పక్షవాతం వచ్చి నడకా మాటా రెండూ పోయినవారు ఏది ముందు నేర్చుకోవాలో తేల్చుకోవలసిన పరిస్థితి అది. దాని అమలును అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ పలుమార్లు వాయిదా వేస్తూ, మినహాయింపులిస్తూ వచ్చి, చివరికి 2018లో రద్దు చేసింది. అయితే థెరపిస్టు సహాయకులు చేసిన పనికి 2022 నుంచి 85 శాతమే చెల్లించాలన్న నిబంధన కూడా ఆ పరిమితిని రద్దు చేసిన 2018 చట్టంలోనే ఉంది. రోగుల వైపు నుంచి చూస్తే ఆ బేరం తప్పనలేను. కానీ దాని ఖరీదు కట్టింది సహాయకుల మీదే ఎక్కువగా ఆధారపడే చిన్న క్లినిక్‌లు. బేరమాడిన బల్ల దగ్గర వాటి గొంతు ఎంత వినిపించిందన్నది నా అనుమానం.

ఎవరి జేబుకూ చిల్లు పడని సవరణలూ లేకపోలేదు. డాక్టర్ రిఫరల్ రికార్డులో ఉండి, చికిత్స ప్రణాళికను 30 రోజుల్లోగా ఆ డాక్టరుకు పంపితే, తొలి ప్రణాళిక మీద సంతకం కోసం ఫ్యాక్స్ మీద ఫ్యాక్స్ పంపుతూ కూర్చోనక్కర్లేదని 2025 నుంచి మెడికేర్ ఒప్పుకుంది. ఆ మిగిలిన సమయం కూడా ఏ యూనిట్‌లోకీ రాదనుకోండి.