మహారాజశ్రీ రబ్బరు స్టాంపు గారికి

తపాల్ సెక్షన్‌లో, కిటికీ పక్క బల్ల మీద, ఎండిపోయిన ఇంకు ప్యాడ్‌ను ఆనుకుని కాపురముండే మహారాజశ్రీ ‘స్వీకరించబడినది’ స్టాంపు గారికి, నైట్ డ్యూటీ దిగి నిద్రపోకుండా వచ్చిన స్టాఫ్ నర్సు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు క్షేమమేనని మొన్న మంగళవారం కళ్లారా చూశాను. నా క్షేమం సంగతంటారా, ఆ కళ్లు తెరిచి ఉంచడానికి మూడు టీలు పట్టాయి.

మేం ఐదుగురం పదకొండింటికి వచ్చాం. మీ దర్శనం నాలుగున్నరకు. లిఫ్టు పనిచేయదు, అది మామూలే. ఉన్న ఒక్క బెంచీ మీద ఫైళ్లు కూర్చున్నాయి. సార్ మీటింగులో ఉన్నారు, మీటింగయ్యాక భోజనంలో ఉన్నారు, భోజనమయ్యాక క్యాంపులో ఉన్నారు. వీటి మీద నాకేం పట్టింపు లేదు. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసేదాన్ని, వరండాలో పడిగాపులు నాకు కొత్తా?

నా గొడవంతా మీతోనే.

అయ్యా, మా వినతిపత్రం మొదటి పేజీలో ఎంత తెల్లటి జాగా ఉంది! పైన ఉంది, కింద ఉంది, మార్జిన్ ఉంది. అదంతా వదిలేసి తిన్నగా వెళ్లి ఐదో లైను మీద పడ్డారు. బోధనాసుపత్రి వార్డులో ఏ షిఫ్టులోనైనా ఒక నర్సుకు ఇంతమంది రోగులకు మించి ఉండరాదని రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేయాలి అన్నది ఆ లైను. ఆ ‘ఇంతమంది’ దగ్గర మేం వేసిన అంకె మీద పడ్డారు. రెండు పేజీలు రాసిందే ఆ అంకె కోసం. మిగతాదంతా ‘గౌరవనీయులైన’, ‘తమరి దయవలన’. గౌరవనీయులు మచ్చ పడకుండా అలాగే ఉన్నారు. అంకె మాత్రం మీ ఊదారంగు గుండ్రం కింద మునిగిపోయింది. దాని మీద ‘స్వీకరించబడినది’ అని ఉంది. ఏం స్వీకరించారో ఇక బ్రహ్మకే తెలియాలి.

‘సార్, అంకె కనపడట్లేదు’ అన్నాను. గుమస్తాగారు కాగితాన్ని ట్యూబులైటుకి ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూశారు. ‘మూడో ఎనిమిదో అయి ఉంటుందిలేమ్మా, లోపల చదువుకుంటారు’ అన్నారు.

మూడో ఎనిమిదోనట! ఆ రెంటికీ మధ్య ఐదుగురు మనుషులున్నారండీ.

అది 3. మేం కలగని వేసింది కూడా కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల్లోనే ఉంది: బోధనాసుపత్రి వార్డులో ముగ్గురికి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో మనిషికి మనిషి. సెలవు పెట్టేవాళ్ల కోసం ఇంకో 30 శాతం అదనం కూడా. (సెలవు! ఎవరు రాశారో కానీ ఎంత మంచి మనసు.) అయితే ప్రమాణం వేరు, చట్టం వేరు. ప్రమాణాన్ని పాటించకపోతే అడిగే నాథుడు లేడు. కేంద్రాన్ని అడిగితే ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోవి అంటారు, రాజ్యాంగంలో నిజంగానే అలాగే ఉంది. రాష్ట్రాన్ని అడిగితే మీ బల్ల దగ్గరకు పంపుతారు. మీరు వెళ్లి అంకె మీద కూర్చుంటారు.

ఆ ముందు రాత్రి మా మెడికల్ వార్డులో 42 మంది. మంచాలు 30, మిగతావాళ్లు కింద పరుపుల మీద. నర్సును నేనొక్కదాన్నే. రెండు దాటాక 17వ బెడ్ పెద్దాయనకు సెలైన్ ఎక్కే చెయ్యి వాచిపోయింది. పాత క్యాన్యులా తీసేసి, సెల్‌ఫోన్ లైటు మెడకింద నొక్కిపెట్టి రెండో చేతికి నరం వెతుకుతున్నాను. ఆయన నరాలు ఎండాకాలం వాగులా ఉన్నాయి, దొరికినట్టే దొరికి జారిపోతున్నాయి. అప్పుడే ఆ చివర్నుంచి ‘సిస్టర్, మా అత్తకు ఊపిరాడట్లేదు’ అని కేక. నేను రెండువైపులా చూస్తుంటే పెద్దాయనే చెయ్యి వెనక్కి లాక్కుని ‘పోయి రామ్మా, నేనెక్కడికి పోతాను’ అన్నాడు.

పరిగెత్తి ఆక్సిజన్ పెట్టాను, డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆవిడ కొడుకు మాత్రం ‘ఇంతసేపా రావడానికి’ అని మీదికొచ్చాడు. వార్డుబాయ్ అడ్డు పడబట్టి సరిపోయింది. దానికి చట్టముందిలెండి. డాక్టర్ల మీద, నర్సుల మీద చెయ్యి చేసుకుంటే శిక్ష అని ఉమ్మడి రాష్ట్రంలోనే 2008లో చేశారు. సంతోషం, దెబ్బలు తిన్నాక కేసు పెట్టుకోవచ్చు. ఆ అబ్బాయికి అంత కోపం ఎందుకొచ్చిందో, దానికి చట్టం చేయమనే ఐదో లైనులో అడిగాం.

అమెరికాలో కాలిఫోర్నియా అని ఒక రాష్ట్రముంది. అక్కడి నర్సులు పట్టుబట్టి 1999లో ఇలాంటి చట్టమే సాధించారు. అమల్లోకి వచ్చేసరికి 2004. సంతకం పడ్డాక కూడా నాలుగేళ్లు పైనే పట్టిందంటే, అక్కడా మీ చుట్టాలు ఉన్నట్టే. కాకపోతే వాళ్లు అంకెను తప్పించి పడ్డారు. జనరల్ వార్డులో ఒక నర్సుకు ఐదుగురే, పగలైనా రాత్రయినా.

రెండో పేజీలో ప్రైవేటులో చేసే మా చెల్లెళ్ల జీతాల సంగతి రాశాం. సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల్లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదంది. కేరళలో నర్సులు రోడ్డెక్కి 2018లో ఆ 20 వేలకు నోటిఫికేషన్ తెచ్చుకున్నారు. మా రెండో పేజీ మీద మీ మరక ఒక్కటీ లేదు. తిప్పితే కదా.

ఇక మీ తేదీ. మేం రాసింది జూన్‌లో. మీ చక్రం మార్చి దగ్గర ఇరుక్కుంది. అంటే మేం రాయడానికి మూడు నెలల ముందే మా గోడు ప్రభుత్వానికి చేరింది! నవ్వాలనే అనుకున్నాను. నవ్వు రాలేదు. రెండింటికి ఇచ్చిన ఇంజెక్షన్‌ను కేస్‌షీట్‌లో రెండున్నర అని రాస్తే తెల్లారేసరికి నా చేతిలో మెమో ఉంటుంది. 42 మందిలో ఒక్కరి చార్టులో ఒక్క అంకె తప్పితే ఎంక్వయిరీ. ఒక్క అంకె! ఇక్కడ మొత్తం వార్డుకు వార్డే ఆ అంకె మీద బతుకుతుంటే దాన్ని మసి చేసి ‘మూడో ఎనిమిదో’ అంటారా? మీకెవరిస్తారు మెమో? మే 12న నర్సుల దినోత్సవమని మా చేతికి కొవ్వొత్తులిచ్చి దేవతలంటూ ఫొటోలు తీస్తారు కదా, ఆ వెలుగులో అయినా ఎవరో ఒకరు ఐదో లైను చదవరా?

క్షమించాలి. గొంతు పెరిగింది. నిద్ర లేదు.

నిజానికి మిమ్మల్ని తిట్టి ఏం లాభం? ఆ భవనంలో మా కాగితాన్ని తాకింది మీరొక్కరే. దగ్గర్నుంచి చూస్తే మీ ‘బడినది’ సగం అరిగిపోయింది. ప్యాడ్ మీద నీళ్లు చిలకరించి, మీ మొహాన ‘హా’ అని ఊది మరీ గుద్దుతున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్ని కాగితాలు వచ్చినా మీరొక్కరే, రిలీవరు లేరు. ఆ బాధ నాకు వేరే చెప్పాలా?

వచ్చే మంగళవారం నాకు వీక్లీ ఆఫ్. కొత్త కాపీతో వస్తున్నాం. ఈసారి 3 పక్కన చెక్కు మీద రాసినట్టు ‘అక్షరాలా ముగ్గురు మాత్రమే’ అని కూడా రాశాం. పైన కుడిమూల నాలుగు వేళ్ల జాగా ఖాళీగా వదిలాం. దయచేసి అక్కడ పడగలరు.

ఇట్లు,
42 మందికి ఒక్క సిస్టర్

తా.క.: ఊదా ఇంకు సీసా ఒకటి కొన్నాను. ప్యాడ్‌లో పోసుకోండి.